ఇంజను కొట్టుకుంటోంది – ఎందుకు?



ఈ పాఠం లారీ ఇంజను గురించి. "లారీ మగవాళ్ల సంగతి, మాకెందుకమ్మా?" అంటారేమో. ఇంజను పోతే బ్యాంకులో తాకట్టుకు వెళ్లేది ఎవరి మెళ్లో గొలుసు? డ్వాక్రా అప్పు ఎవరి పేరు మీద తీస్తారు? అందుకని కాసేపు ఇంజను సంగతి చదువుదాం.

ఇది మా ఇంట్లో జరిగిన సంగతే. మాది నందిగామ దగ్గర ఊరు. మా అక్క బడికి పోలేదు. కూలికి పోయి నన్ను చదివించింది. నాకు టీచర్ ట్రైనింగ్ అయ్యాక సాయంత్రాలు నా దగ్గరే కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. మా బావకు ఒక పాత లారీ ఉంది. 2008 మోడలు. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు తోలుతాడు.

2021లో ఆ లారీ ఇంజను పొగ చిమ్మడం మొదలుపెట్టింది. ఆయిల్ తాగేస్తోంది. ఎత్తు ఎక్కలేకపోతోంది. ఫుల్ ఇంజను పని చేయించాలన్నారు. అంటే ఇంజను దించి, మొత్తం విప్పి, అరిగిన సామాన్లు తీసేసి, కొత్తవి వేసి మళ్లీ కట్టడం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇచ్చారు. అక్క గొలుసు బ్యాంకులో పెట్టింది. డ్వాక్రాలో 50,000 రూపాయలు తీసింది. అన్నీ కలిపి లక్షా అరవై వేలు అయింది.

డబ్బు కట్టే రోజున అక్క కూడా బావతో వెళ్లింది. బిల్లులు, చీటీలు అన్నీ అడిగి తీసుకుంది. గుడ్డ సంచిలో పెట్టుకుంది. "ఈ కాగితాలేం చేసుకుంటావమ్మా?" అని షెడ్డు కుర్రాడు నవ్వాడట. బిల్లులు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక్కో వరుస ఏమిటో కుర్రాణ్ని అడిగి, పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకుంది. అంకెలు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు బిల్లులోనూ, తెలుగు బిల్లులోనూ అవే అంకెలు.

అక్క రాసుకున్నవి ఇవి. మీరూ ఒకసారి నిదానంగా చదవండి.

క్రాంకు సాన చీటీ:
మెయిన్ – 0.25
పిన్ – 0.50

మొదటి బిల్లు:
లైనర్లు, పిస్టన్లు – 6
రింగుల సెట్లు – 6
మెయిన్ బేరింగులు 0.25 – 1 సెట్టు
కన్‌రాడ్ బేరింగులు 0.50 – 1 సెట్టు
గ్యాస్కెట్ కిట్టు – 1

రెండో బిల్లు (రెండు రోజుల తర్వాతది):
కన్‌రాడ్ బేరింగు 0.25 – 1 జత

ఇందులో ఒక చోట తేడా ఉంది. కనిపించిందా? కనిపించకపోయినా ఫరవాలేదు. ఆ రోజు అక్కకూ కనిపించలేదు. ముందు ఇంజను లోపల ఏముందో చూసి, మళ్లీ ఈ చీటీల దగ్గరికి వద్దాం.

రోకలి, కుట్టుమిషను

డీజిల్‌తో నడిచే ఇంజనును తయారుచేసినవాడు జర్మనీ దేశపు రుడాల్ఫ్ డీజిల్. ఆయన ఇంజను 1897లో బాగా పనిచేసి చూపించింది. ఆ నూనెకు ఆయన పేరే వచ్చింది.

ఇందులో నిప్పు వేరే పెట్టరు. సైకిల్‌కు గాలి కొడుతున్నప్పుడు పంపు అడుగు పట్టుకుని చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. లారీ ఇంజనులో గాలిని ఇంకా చాలా గట్టిగా నొక్కుతారు. ఆ మండే గాలిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది. వెంటనే అంటుకుని పేలుతుంది. ఆ పేలుడు పిస్టన్‌ను కిందికి తోస్తుంది.

పిస్టన్ అంటే రోకలి అనుకోండి. పైకీ కిందికీ ఆడుతుంది. బావ లారీలో ఇలాంటి రోకళ్లు ఆరు. అయితే చక్రం తిరగాలి కదా. పైకీ కిందికీ ఆడేది గుండ్రంగా తిరగడం ఎలా? మీ ఊళ్లో కాలితో తొక్కే కుట్టుమిషను చూశారా? తొక్కే చెక్క పైకీ కిందికీ ఆడుతుంది. దాని నుంచి ఒక కడ్డీ చక్రానికి పోతుంది. చెక్క ఆడితే చక్రం తిరుగుతుంది. ఇంజనులోనూ అంతే. ఆ కడ్డీ పేరు కన్‌రాడ్. తిరిగే దాని పేరు క్రాంకు. కడ్డీ క్రాంకును పట్టుకునే చోటును పిన్ అంటారు.

కుట్టుమిషను కడ్డీ దగ్గర బోల్టు వదులైతే ఏమవుతుంది? తొక్కినప్పుడల్లా టక్, టక్ అంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మిగతా పాఠం దీని మీదే నడుస్తుంది.

కన్‌రాడ్‌కూ పిన్‌కూ మధ్య బేరింగు ఉంటుంది. కొబ్బరి చిప్పల్లా రెండు సగాలు. రెండూ కలిస్తే గుండ్రటి కంకణం. ఆ కంకణంలో పిన్ తిరుగుతుంది. మధ్యలో తల వెంట్రుక మందమంత సందు ఉంటుంది. ఆ సందులో ఆయిల్ నిండుతుంది. ఇనుముకు ఇనుము తగలకుండా కాపాడేది ఆ ఆయిల్ పొరే.

ఇబ్రహీంపట్నం దగ్గర

సాయంత్రం నాలుగు గంటలకు ఆటోనగర్ నుంచి లారీ బయలుదేరింది. ఆ రాత్రే జగ్గయ్యపేటలో లోడు ఎత్తాలి. ఇబ్రహీంపట్నం దాటుతుండగా అక్క చెవిన చప్పుడు పడింది. బావ యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా కింద నుంచి టక్ టక్ టక్ అని.

"ఏమయ్యా, ఆ చప్పుడేంటి?"

"కొత్తగా కట్టారు గదే. బిగువు మీదుంది. నాలుగు ట్రిప్పులు తిరిగితే అదే సర్దుకుంటుంది."

"ఆయిల్ ముల్లు చూడు. బయల్దేరేటప్పుడు ఇంకా పైన ఉంది."

బావ చూశాడు. నిజమే. వేడెక్కాక ముల్లు కొంత దిగడం మామూలే. అయితే ఇది మరీ కిందికి దిగింది. చప్పుడు కూడా పెరుగుతోంది. బావ లారీ పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. లోడు పోతుందని మాత్రం గొణుక్కుంటూనే ఉన్నాడు. ఇద్దరికీ కాసేపు మాటా మాటా అయింది. అది మనకెందుకు!

ఆపడం మంచిదా కాదా? ఒక లెక్క వేద్దాం. రోడ్డు మీద ఇంజను నిమిషానికి 1500 సార్లు తిరుగుతోంది అనుకోండి. ఒక్కో పిస్టన్ మీద రెండు తిరుగుళ్లకు ఒక పేలుడు. అంటే నిమిషానికి 750 దెబ్బలు. గంటకు 60 నిమిషాలు. 750ని 60తో గుణించండి. 45,000 వస్తుంది. వదులుగా ఉన్న చోట గంటలో 45,000 సమ్మెట దెబ్బలు! ముందు బేరింగు నలుగుతుంది. తర్వాత పిన్ గీసుకుపోతుంది. ఆ తర్వాత కన్‌రాడ్ విరిగి ఇంజను గోడ పగలగొట్టుకుని బయటికి రావచ్చు. అప్పుడు లక్షా అరవై వేల పనీ పాత ఇనుము కింద లెక్క.

ఇంకో లారీకి కట్టి, వెనక్కి ఆటోనగర్‌కు లాక్కొచ్చారు.

చప్పుళ్లు అన్నీ ఒకటి కావు

షెడ్డు మేస్త్రీ కూడా బావ మాటే అన్నాడు. "కొత్త రింగులు గదా, సర్దుకుంటుంది." అక్క ఒప్పుకోలేదు. పక్క షెడ్డులో ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు. ఆయన్ను పిలిపించారు. ఆయన ముందు పుల్ల తీసి ఆయిల్ ఎంతుందో చూశాడు. సరిపడా ఉంది. తర్వాత ఒక్క నిమిషం ఇంజను స్టార్టు చేయించి, చెవి పెట్టి విన్నాడు.

"అమ్మా, బిగువుగా ఉన్నది కొట్టుకోదు. వేడెక్కుతుంది, బరువుగా తిరుగుతుంది, అంతే. చప్పుడు రావాలంటే ఏదన్నా వదులైనా ఉండాలి, తగలకూడనిది తగులుతూ అయినా ఉండాలి. లేకపోతే డీజిల్ వేళ కాని వేళ పడుతూ ఉండాలి."

"ఏదో ఎట్టా తెలుస్తుంది బాబాయ్?"

"బిడ్డ ఏడుపు విని ఆకలో, కడుపునొప్పో నీకు తెలియదా? ఇదీ అంతే. ఎప్పుడు కొడుతుంది, ఎక్కడ కొడుతుంది, ఎట్టా కొడుతుంది, ఈ మూడూ చూడాలి."

పెద్ద మేస్త్రీ చెప్పినవి అక్క నాకు చెప్పింది. డీజిల్ ఇంజనుకు కొంత టకటక సహజం. పొలంలో ఆయిల్ ఇంజను విన్నవాళ్లందరికీ తెలుసు. దాని మీద అదనంగా వచ్చేదే రోగం. పైభాగంలో సన్నగా టిక్ టిక్ అంటే టాపెట్ల సందు ఎక్కువైంది. అది చిన్న పని. సందు సరిచేస్తే పోతుంది. చల్లటి ఇంజను స్టార్టు చేయగానే కొట్టి, వేడెక్కాక తగ్గిపోతే పిస్టన్ లైనర్లో వదులుగా ఆడుతోందని అనుమానించాలి. ఠంగు ఠంగుమని గంట కొట్టినట్టు గట్టిగా, పొగతో కలిసి వస్తే నాజిలో, పంపు టైమింగో చూడాలి. డీజిల్ ముందుగా పడినా, నాజిల్ తుంపర చిమ్మకుండా బొట్లు కార్చినా అలా కొడుతుంది. బరువు మీద లాగేటప్పుడు బాగా కింద నుంచి దబ్ దబ్ అంటే మెయిన్ బేరింగు. యాక్సిలరేటర్ తొక్కి వదిలేటప్పుడు కొడితే కన్‌రాడ్ బేరింగు మీద అనుమానం. దానికి తోడు ఆయిల్ ముల్లు దిగితే అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

ఒక్కోసారి రోగం ఇంజను లోపల ఉండదు కూడా. బ్రేకులకు గాలి నింపే కంప్రెషరో, వెనక ఫ్లైవీలు బోల్టులో వదులై అచ్చం లోపలి చప్పుడులాగే భయపెడతాయి. అందుకే చప్పుడు వినగానే ఇంజను విప్పేయకూడదు.

ఆరింటిలో ఏది?

పెద్ద మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. కొన ఇంజనుకు ఆనించాడు. పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. డాక్టరు గుండెకు గొట్టం పెట్టినట్టే! ఒక్కో చోటా విన్నాడు. అక్కను కూడా వినమన్నాడు. మధ్యలో కింద గట్టిగా వినిపించింది. అయితే ఇనుములో చప్పుడు అటూ ఇటూ పాకుతుంది. ఇది ఒక్కటే నమ్మడానికి లేదు.

తర్వాత ఒక్కో నాజిల్‌కు డీజిల్ తెచ్చే పైపు నట్టును పానాతో కాస్త వదులు చేయించాడు. అప్పుడు ఆ పిస్టన్ మీద పేలుడు ఆగిపోతుంది. ఇంజను కుంటుతుంది. ఒకటో నంబరు వదులు చేశారు. ఇంజను కుంటింది, చప్పుడు అలాగే ఉంది. బిగించారు. రెండు, అలాగే. మూడు, అలాగే. నాలుగు వదులు చేయగానే టక్ టక్ అణిగిపోయింది. బిగించగానే మళ్లీ వచ్చింది. ఐదూ ఆరూ కూడా చూశారు. ఏ తేడా లేదు.

ఒక హెచ్చరిక. ఈ పరీక్ష పాత పంపు ఉన్న ఇంజన్లకే. అక్కడ కూడా కళ్లద్దాలు పెట్టుకోవాలి, చిమ్మే డీజిల్ దగ్గర చెయ్యి పెట్టకూడదు. ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది. అలా దూరితే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బి.ఎస్.6 లారీలలో ఒత్తిడి ఇంకా చాలా ఎక్కువ. వాటిలో ఇంజను తిరుగుతుండగా ఆ పైపు ముట్టుకోనే కూడదు. వాటిని కంప్యూటర్ పెట్టి చూస్తారు.

సరే, నాలుగో నంబరు అని తెలిసింది. మరి అక్కడ నాజిల్ చెడ్డదా, బేరింగు వదులా? డీజిల్ ఆపితే రెండు చప్పుళ్లూ తగ్గుతాయి. ఇక్కడే చాలామంది తొందరపడతారట. పెద్ద మేస్త్రీ నాలుగో నాజిల్ తీసి రెండో దాంట్లో పెట్టాడు. రెండో దాన్ని నాలుగులో పెట్టాడు. తప్పు నాజిల్‌దైతే చప్పుడు కూడా రెండుకు పోవాలి. పోలేదు. నాలుగులోనే ఉంది.

"ఇక కింద చాంబర్ దించాల్సిందే," అన్నాడు.

గాజు సైజు

చాంబర్ అంటే ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టె. ఆయిల్ తీసి ఎండలో పట్టి చూస్తే సన్నని వెండి పొడి మెరుస్తోంది. కొత్త ఆయిల్‌లో అంత మెరుపు ఉండకూడదు. అది బేరింగు మీది పూత అరిగి వచ్చిన పొడి.

నాలుగో కన్‌రాడ్ టోపీ విప్పారు. ముందు దాని మీద నంబరు చూశారు. ఏ రాడ్డుకు ఆ టోపీయే వేయాలి, అదే పక్కకు వేయాలి. మారితే గుండ్రం తప్పుతుంది. ఇది సరిగ్గానే ఉంది. తర్వాత చిప్ప తీశారు. వెండి రంగు పోయి కింద రాగి రంగు కనిపిస్తోంది. పెద్ద మేస్త్రీ చిప్పను వెనక్కి తిప్పి గుడ్డతో తుడిచాడు.

"కళ్లద్దాలు తేలేదు. ఏముందో చదవరా," అని కుర్రాడికి ఇచ్చాడు. ఈలోగా అక్క వంగి చూసింది.

"సున్నా పాయింటు రెండు అయిదు," అంది. అని, సంచిలో చీటీ తీసింది. "బాబాయ్, ఈ చీటీలో పిన్‌కు సున్నా పాయింటు అయిదు సున్నా అని ఉందే?"

షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడలేదట.

ఇప్పుడు మొదట్లో ఉన్న చీటీలు మళ్లీ చూడండి. స్కేలు మీద సెంటీమీటరులో పది చిన్న గీతలు ఉంటాయి. ఒక్కో చిన్న గీత దూరం ఒక మిల్లీమీటరు. 0.25 అంటే అందులో పావు. 0.50 అంటే అర. పాత క్రాంకు గీతలు పడి ఉంది కాబట్టి సాన పట్టించారు. సాన పడితే పిన్ సన్నబడుతుంది. ఇక్కడ పిన్లు అర మిల్లీమీటరు సన్నబడ్డాయి. సన్నబడిన పిన్‌కు తగిన బేరింగు వేయాలి. దాని మీద 0.50 అని ఉంటుంది.

గాజులతో చూడండి. మీ చేతికి రెండు-నాలుగు గాజులు సరిపోతాయి. దానికి రెండు-ఆరు గాజు వేస్తే? జారుతుంది, చెయ్యి కదిపినప్పుడల్లా గలగలమంటుంది. నాలుగో పిన్‌కు జరిగింది అదే. అర మిల్లీమీటరు సన్నబడిన పిన్‌కు, పావు మిల్లీమీటరు సన్నబడిన పిన్ కోసం చేసిన బేరింగు వేశారు. వెంట్రుక మందం ఉండాల్సిన సందుకు ఇంకో పావు మిల్లీమీటరు కలిసింది. ఆ సందులోంచి ఆయిల్ జారిపోయింది. అందుకే ముల్లు దిగింది.

ఎలా జరిగింది? అడిగితే కుర్రాడు ఒప్పుకున్నాడు. బిగించేటప్పుడు సెట్టులో ఒక చిప్ప కింద పడి అంచు నొక్కుకుపోయింది. పరుగున పోయి ఒక జత విడిగా తెచ్చాడు. కొట్టువాడు ఏ సైజు ఇచ్చాడో కుర్రాడు చూడలేదు. మేస్త్రీ కూడా చూడలేదు. కొలవనూ లేదు. రెండో బిల్లు ఆ జతదే. నాకు కుర్రాడి మీద కోపం రాలేదు. పదహారేళ్ల పిల్లాడు. చెయ్యి జారడం ఎవరికైనా జరుగుతుంది. కొలిచి చూడాల్సింది పెద్దవాళ్లు.

పిన్ మీద పెద్ద మేస్త్రీ గోరు పెట్టి గీసి చూశాడు. గోరు ఎక్కడా పట్టలేదు. మైక్రోమీటరుతో కొలిచాడు. బాగానే ఉంది. ఇంకాస్త దూరం నడిపి ఉంటే క్రాంకు మళ్లీ దించి, మళ్లీ సాన పట్టాల్సి వచ్చేదన్నాడు. మిగిలిన ఐదు రాడ్లకు కూడా టోపీలు విప్పి చిప్పల వెనక అంకెలు చూశారు. అన్నీ 0.50. ఈసారి చదివింది అక్కే.

కొత్త 0.50 జత వేసి, టార్క్ రెంచితో లెక్క ప్రకారం బిగించారు. ఆయిల్ జాలీ కడిగారు. ఆయిలూ ఫిల్టరూ మార్చారు. పాత ఆయిల్‌లో పొడి ఉంది, అదే మళ్లీ పోస్తే మిగతా బేరింగులనూ తినేస్తుంది. స్టార్టు చేసేటప్పుడు ముందు స్టాప్ తాడు లాగి పట్టుకుని సెల్ఫు కొట్టారు. డీజిల్ పడదు, ఇంజను ఊరికే తిరుగుతుంది, ఆయిల్ అన్ని సందుల్లోకీ వెళుతుంది. ముల్లు లేచాక తాడు వదిలారు. ఇంజను అందుకుంది. పెద్ద మేస్త్రీ తొక్కించి, వదిలించి, విన్నాడు. టక్ లేదు.

ఖర్చు దగ్గర మళ్లీ పేచీ. షెడ్డువాళ్లు కూలి వద్దన్నారు, బేరింగు ఖర్చు పెట్టుకున్నారు. ఆయిల్, ఫిల్టరు మీరే కొనుక్కోండి అన్నారు. అక్క రెండు బిల్లులూ, సాన చీటీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. చివరికి సగం సగం అని తేలింది. లారీ లాక్కొచ్చిన ఖర్చు, పోయిన లోడు మాత్రం మా నెత్తినే పడ్డాయి.

అక్క దగ్గర ఇప్పుడు లారీకి ఒక నోటుపుస్తకం ఉంది. అందులో ఆ రోజు పేజీ ఇలా ఉంటుంది:

4వ నంబరు కన్‌రాడ్ బేరింగు – 0.50 – కొత్తది. నేను చూశాను.
ఆయిల్, ఫిల్టరు – కొత్తవి.
1000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఆయిల్ మార్చాలి.
ముల్లు రోజూ చూడమని ఆయనకు చెప్పాలి.